చీటీ లేని చిత్రము

మనవారిలో ఒక దురభ్యాసము ప్రబలినది. ఎక్కడనో తెలుగువారిని కొట్టుచున్నారనియో, మన అంగళ్లు తగులబెట్టుచున్నారనియో ఒక చిత్రము ఫోనునకు వచ్చును. ఎవరు తీసిరి? ఏ యూరిలో? ఏనాడు? అడుగువారు లేరు. వచ్చిన నిమిషముననే పది కుటుంబములకు పంపి, పైగా "జాగ్రత్తకై పంపితిమి" అందురు. ఇట్టి జాగ్రత్తకంటె అజాగ్రత్తయే మేలు.

మేము వర్తకులము. 50,000 రూపాయలకు మించిన సరుకు రాష్ట్రము దాటవలెనన్న 2018 ఏప్రిలు నుండి ఈ-వే బిల్లు కావలెను. హాల్‌మార్కు నగపై ఆరక్షరముల సంఖ్య లేనిదే 2023 ఏప్రిలు నుండి అమ్మరాదు. అరతులము ఉంగరమునకు ఇంత పుట్టుపూర్వోత్తరము విచారించు మనము, ఊరిలో కలహము పెట్టగల చిత్రమును మాత్రము చీటీ లేకుండ చేతులు మార్చుచున్నాము.

2023 మార్చిలో తమిళనాట జరిగినది మరువరాదు. బీహారు కూలీలను చంపుచున్నారని వీడియోలు వ్యాపించెను. భయపడినవారు తిరుప్పూరు, కోయంబత్తూరులనుండి స్వస్థలములకు రైళ్లెక్కిరి. తీరా విచారింపగా వానిలో ఒకటి రాజస్థానములోని జోధపురమున జరిగిన హత్య అని తేలినది. నిజము తెలిసికొనుటకు బీహారు ప్రభుత్వము అధికారుల బృందమునే పంపవలసివచ్చినది. చదువరులు ఒక్క సంగతి గమనింపవలెను. ఆ హత్య కల్పితము గాదు. రక్తము నిజమే, ఊరు అబద్ధము. చిత్రమును ఎవరో యంత్రముతో సృష్టించిరా అని తలలు బాదుకొనువారు ఈ మోసమును కనిపెట్టలేరు. దిద్దని చిత్రమునకే దొంగ చిరునామా అంటించుట సులభము, చవక.

2018లో వ్యాపించిన పిల్లలనెత్తుకుపోవు వీడియో చూడుడు. అది కరాచీలో ప్రజలను హెచ్చరించుటకు తీసిన చిత్రము. చివర బిడ్డను తిరిగి అప్పగించి అట్ట చూపు భాగమును ఎవరో కత్తిరించిరి. ఆ వదంతుల వేడిలోనే ఆ యేడు మే నెలలో బెంగుళూరు చామరాజపేటలో పొట్టకూటికై వచ్చిన రాజస్థానీ యువకుని కొట్టి చంపిరి. పరభాష మాటాడువాడు, ముఖపరిచయము లేనివాడు మొదట బలియగును. తరతరములుగా ఇచ్చట నున్నను, కలహకాలమున మనమును ఆ లెక్కలోనివారమే. ఈ మాట మనకు రుచింపదు గాని నిజము.

"ఒకవేళ నిజమైనచో?" అని కొందరడుగుదురు. నిజమైనచో విచారించుట మరింత అవసరము గదా! ఇంట తెలుగును వీధిలో కన్నడమునో తమిళమునో చదువగల మనకంటె ఈ పనికి తగినవారెవరు? అంగడి బోర్డుపై లిపి చూడుడు. బండి నంబరు ఏ రాష్ట్రముదో చూడుడు. గూగుల్ లెన్సులోనో టిన్‌ఐలోనో ఆ చిత్రమును వేసి వెదకిన, అది పూర్వ మెచ్చట కనబడినదో పలుమారులు బయటపడును. అన్నిటికంటె ముఖ్యము, ఆ యూరిలో మన బంధువు ఒకడుండకపోడు. వానికి ఫోను చేయుడు.

అడోబి, మైక్రోసాఫ్టు, బీబీసీ మొదలగు సంస్థలు 2021లో సీ2పీఏ యను కూటమిగా నేర్పడి, చిత్రము ఏ పరికరమున పుట్టినది, ఎట్లు దిద్దబడినదన్న వివరములను దానికే ముద్రగా కూర్చు పద్ధతి తెచ్చినవి. మంచిదే. కాని ముద్ర పుట్టుక చెప్పును; క్రింద వ్రాసిన మాట నిజమని చెప్పదు. ముద్ర లేనంతమాత్రమున అబద్ధమనియు గాదు. వాట్సాపులో మామూలు ఫొటోగా పంపినపుడు తీసిన తేదీ, స్థలముల వివరములే రాలిపోవును.

మా అసలు బాధ వేరొకటి. తెలుగు పంతులు లేని బడి గదిని, పాఠ్యపుస్తకములు రాని తరగతిని ఫొటో తీసి అధికారికి విన్నవించుకొనువారము మనము. నిన్న మనవారే దొంగ చిత్రము పంచియుండిన, నేడు "ఇదియు నట్టిదే" యని ఆయన త్రోసిపుచ్చడా? కావున ఫిర్యాదునకు తీసిన ఫొటో అసలు ప్రతిని ఫోనులో చెరపకుండ నుంచుడు. సంఘమునకు పంపునపుడు ఫొటోగా గాక డాక్యుమెంటుగా పంపుడు, వివరములు నిలుచును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము కోర్టులో దాఖలు చేయు ధ్రువపత్రమున హాష్ విలువ చూపవలెను. ఫైలునుండి లెక్కగట్టబడు ఆ సంఖ్య, అందొక్క చుక్క మారినను మారిపోవును. చెరిపిన అసలును ఏ వకీలును పుట్టింపలేడు.

సంఘపు వాట్సాపు గ్రూపులో తీసినవారి పేరు, ఊరు, తేదీ లేని సంఘటన చిత్రమును నిర్వాహకులు వెంటనే తొలగింపవలెనని కార్యవర్గము ముందు ప్రతిపాదించుచున్నాము. పంపినవారు పెద్దలైనను, దాతలైనను, మా యింటివారైనను ఇదే నియమము. అభ్యంతరము గలవారు సమావేశమునకు వచ్చి ముఖాముఖి చెప్పవలెను, గ్రూపులో గాదు.