నిద్రా? మరణమా?

ప్రశ్న: చలికి కదలిక లేకుండా పడి ఉన్న హామ్‌స్టర్‌ను పూడ్చిపెట్టవచ్చా?

జవాబు: సోదరీ, తొందరపడకండి. చలి పెరిగి, వెలుతురు, మేత తగ్గినప్పుడు ఈ చిరుప్రాణి జడనిద్రలోకి జారుకుంటుంది. ఒళ్లు చల్లబడుతుంది, శ్వాస ఎప్పుడో ఒకసారి ఆడుతుంది. గదిని 20 డిగ్రీలకు పైగా వెచ్చగా ఉంచి, దాన్ని అరచేతుల్లో పొదివి పట్టుకొని, కొన్ని గంటలు గమనించండి. మీసాలు కదిలినా ప్రాణమున్నట్లే. మంట దగ్గర పెట్టకండి. మేలుకోగానే నీరు, మేత ఇచ్చి పశువైద్యునికి చూపించండి. పెంపుడు హామ్‌స్టర్‌కు ఈ నిద్ర ప్రాణాంతకం కావచ్చు.

పిల్లిని బంధించి, ఆకలితో చంపిన స్త్రీ నరకం పాలైందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. స్వేచ్ఛగా ఉంటే ఆ ప్రాణి బొరియ తవ్వుకొని చలిని తప్పించుకునేది. పంజరంలో ఆ దారి లేదు. కనుక దాని వెచ్చదనానికి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసింది తలుపు మూసినవారే.