రాగి నాణెముల పెట్టె

1972వ సంవత్సరము చివరి మాసములలో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న పట్టణములో, ఒక తండ్రి తన యిద్దరు బిడ్డలను బల్ల చెంత కూర్చుండబెట్టుకొని ఒక క్రొత్త ఆట ఆడించెను. ఆయన పేరు గ్యారీ గైగాక్స్. అంతకు రెండేండ్ల క్రిందట షికాగోలో భీమా సంస్థ కొలువు పోగొట్టుకొని, ఇంటివద్ద బూట్లు బాగుచేయుచు సంసారము నెట్టుకొని వచ్చుచున్న మనిషి. బిడ్డలు ఎర్నీ, ఎలీజ్. తండ్రి ఒక కోటను, దాని క్రింది నేలమాళిగలను కాగితముపై గీచి, ఆ పటమును పిల్లల కంట బడనీయలేదు. తాము వేషము కట్టిన వీరులు ఎటు పోవుదురో, ఏమి చేయుదురో పిల్లలు నోటితో చెప్పవలెను. వారికేమి కనబడినదో, దానివలన ఏమి జరిగినదో తండ్రి చెప్పవలెను. సందేహము కలిగినచోట పాచికలు తీర్పు చెప్పును.

ఆనాడు పిల్లలు పెద్ద జెర్రులనో తేళ్లనో (తరువాతి కాలమున తండ్రికే అది సరిగా జ్ఞప్తి లేదు) చంపి, ముందుకు సాగి, మూడువేల రాగి నాణెములున్న పెట్టెను కనుగొనిరి. కాని అది మోయరాని బరువు. నిధి దొరికియు తెచ్చుకొనలేక వారు మిక్కిలి చిన్నబోయిరి. వారు నిద్రకు పోయిన వెంటనే తండ్రి రెండవ అంతస్తు నేలమాళిగను గీయ మొదలుపెట్టెను.

ఆ తండ్రి తలచుకొన్నచో నాణెములను తేలిక చేయవచ్చును. ఒక గాడిదను ఆ మలుపులో కట్టివేసి యుంచవచ్చును. చేయలేదు. బిడ్డల ముఖములు వాడుట చూచియు, బరువును బరువుగానే ఉండనిచ్చెను. నేడు తమ పిల్లలచేత ఇట్టి ఆట ఆడింపగోరు తల్లిదండ్రులు నేర్వవలసిన విద్యలో ముప్పాతిక వంతు ఇందే యున్నది. నియమగ్రంథములు మిగిలిన పాతిక. ఆ పాతికకై ముందుగా ధనము పోయనక్కరలేదు: 2023లో ఈ ఆట ప్రకాశకులు మౌలిక నియమావళిని ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు విడుదల చేసినారు.

ఈ ఆటకు గైగాక్స్ ఒక్కడే కర్త కాడు. 19వ శతాబ్దమున ప్రష్యా సేనాధికారులు పటములపై ఆడిన యుద్ధక్రీడలలో మధ్యస్థుడొకడు తీర్పరిగా నుండెడివాడు. 1969లో మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతమున డేవిడ్ వెస్లీ అనునతడు అట్టి ఆటలో ఒక్కొక్కరికి సైన్యమునకు బదులు ఒక్కొక్క మనిషి పాత్రను అప్పగించెను. ఆ కూటమిలోని డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని బ్లాక్‌మూర్ అను కల్పిత రాజ్యమునకు మార్చి, 1972లో లేక్ జెనీవాకు వచ్చి గైగాక్స్‌కు చూపెను. ఇరువురి పేర్లతో 1974లో ‘డంజెన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడినది. పెట్టెలో మూడు చిన్న పుస్తకములు, వెల పది డాలర్లు, తొలి అచ్చు వేయి ప్రతులు. 1980 తరువాత కొన్నేండ్లు, ఇది పిల్లలను పెడదారి పట్టించునని ఆ దేశమున కొందరు తల్లిదండ్రులును మతసంఘములును గగ్గోలు పెట్టిరి. ఆ కలకలము చల్లారి చాలకాలమైనది.

అవ్వ కథ చెప్పుచుండగా ఊ కొట్టుట తెలుగింటి పిల్లలెరిగిన పని. ఈ ఆటలో ఊ కొట్టువాడు లేడు. “అప్పుడేమైనది?” అని పిల్లవాడు అడుగడు, “ఇప్పుడు నీవేమి చేయుదువు?” అని పెద్దవాడే అడుగును. భేదము చిన్నదిగా తోచును, చిన్నది కాదు. ఇంటిలో బిడ్డ మాటకు ఫలితము కలుగు సమయమెంత కొద్ది! ఏ బడి, ఏ బట్ట, ఏ పూట ఏ కూర, అన్నియు పెద్దలే నిర్ణయింతురు. ఈ బల్ల ముందు మాత్రము పదేండ్ల పిల్ల “ఎడమ తలుపు తెరచెదను” అనగా ఎడమ తలుపే తెరచుకొనును. దాని వెనుకనున్న సంగతి ఆ పిల్లయే అనుభవించును. తండ్రి అడ్డుపడి “కుడి తలుపు మేలు కదా, ఆలోచించుకొనుము” అన్నచో, ఆట అచటనే ముగిసినది. మిగిలినది మరియొక ఉపదేశము. అది ఇంటిలో కొరవడిన వస్తువు కాదు.

ఒక తండ్రి వంతెనకడ్డముగా నిలుచు రాక్షసుని రెండు రాత్రులు మేల్కొని సిద్ధపరచినాడనుకొనుడు. వాని బలమెంత, గద దెబ్బకు ఎన్ని పాచికలు, అన్నియు వ్రాసి యుంచుకొన్నాడు. కూతురు కత్తి దూయలేదు. “ఈయన అన్నము తిన్నాడా?” అని అడిగినది. తండ్రి శ్రమ అంతయు నీటిపాలు కావచ్చినది! ఇట్టి వేళ పలువురు తండ్రులు రాక్షసునిచేత కోపముగా గద ఎత్తించి పిల్లను తమ కథలోనికి ఈడ్చుకొని పోవుదురు. మరికొందరు ముద్దుమురిపెముతో రాక్షసుని కరగించి, వంతెన దాటించి, బహుమానము గూడ ఇప్పింతురు. మొదటి వానికంటె రెండవ వాని తప్పు పెద్దది. ఏలయన, తాను పలికిన దేదైనను నెగ్గునని పిల్ల గ్రహించిన నాడు ఆమెకు ఆలోచింపవలసిన పని యుండదు. రాక్షసునకు ఆకలిగా నున్నది నిజమే. కాని వానికి కావలసినది ఆ పిల్ల స్నేహితుని గుఱ్ఱము. ఇపుడు పిల్ల ఏమి చేయును? ఈ ప్రశ్నను తయారుచేయుటయే సూత్రధారుని పని, జవాబు తయారుచేయుట కాదు. రెండు రాత్రుల జాగరణ అనవసరము. ఒక చోటు, అచట ఏదో కోరుచున్న ఒక ప్రాణి, దారిలో ఒక చిక్కు ఉన్నచో పూటకు చాలును.

పాచికల విషయము ఉపాధ్యాయులకు రుచించును. నాలుగు, ఎనిమిది, పండ్రెండు, ఇరువది ముఖములు గల ఈ వింత పాచికలు తొలుత పాఠశాలలకు సామగ్రి అమ్ము వర్తకులవద్ద గణితబోధన పరికరములుగా దొరకినవే. 2014 నాటి నియమముల ప్రకారము మధ్యరకపు కష్టము గల పనికి 15 రావలెను. ఏ నేర్పును లేనివానికి ఇరువది ముఖముల పాచికపై 15 గాని అంతకు మించి గాని పడు అవకాశములు ఇరువదింట ఆరు, అనగా నూటికి 30. ఆ విద్యలో 5 అంకెల నేర్పున్నవానికి 10 పడిన చాలును. అవకాశములు పదునొకండు, నూటికి 55. నేర్పు అదృష్టమును చెరిపివేయదు, కొంత జరుపును. ఎనిమిదవ తరగతి పిల్లలు దీనిని ఒక్క సాయంకాలమున పట్టుకొందురు. అయితే దీనిని చూచి ఆటను గణితపు గంటలోనికి తెచ్చి మార్కులు వేయు ఉపాధ్యాయుడు లేకపోడు. అతనికి దండము. మార్కులు వేసిన మరునాడు పిల్లలు రాక్షసునితో మాటలాడరు; ఉపాధ్యాయునకు నచ్చు జవాబు వెదకుదురు.

పాచిక వేయింపక ముందు పెద్దవాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: ఇది తప్పినచో ఏమగును? ఏమియు కానిచో వేయింపనేల? తాళము ఊడకున్నచో పిల్లలు మరల మరల వేయుచునే కూర్చుందురు. ఊడకుండుటకు బదులు, ఊడినది గాని చప్పుడునకు కావలివాడు మేల్కొనినాడు అన్నచో కథ నడచును. పాచిక పడిన తరువాత మాత్రము దానిని మార్చరాదు. బిడ్డ ఏడ్చునేమో అను భయము చాల యిండ్లలో ఆటను చెరచుచున్నది. తమ బిడ్డలు ఇతరుల బిడ్డలతో కూడి ఆడునపుడు ఈ నియమము మరింత ముఖ్యము. పక్షపాతమును పిల్లలు పాచిక ఆగకమునుపే కనిపెట్టుదురు. పక్షపాతము లేదని చూపుటకు సొంత బిడ్డనే ఎక్కువ కష్టపెట్టు తండ్రులును కలరు. ఆ బిడ్డ పాపమేమి? చీకటియో, పాములో, ఏది నిజముగా భయపెట్టునో ముందే అడిగి దానిని మినహాయించుట వేరు. అది మర్యాద.

క్రొత్తగా ఆడువారికి చెప్పవలసినది తక్కువ. నియమములన్నియు కంఠస్థము చేసి రానక్కరలేదు. ఏమి చేయదలచినదియు మామూలు మాటలలో చెప్పిన చాలును, లెక్క ఇతరులు చూచుకొందురు. ఎవరితోను కలియక మూలకూర్చుండు ఒంటరి వీరుని వేషము మాత్రము మొదటనే కట్టరాదు. పుస్తకములో గంభీరముగా నుండు ఆ పాత్ర బల్లకడ మిగిలిన నలుగురికి భారము. తోటివాని సంచి దొంగిలించి, “నా పాత్ర స్వభావమే అట్టిది, నేనేమి చేయుదును?” అనువాడు ప్రతి కూటమిలో నుండును. ఆ స్వభావమును ఎంచుకొన్నది పాత్ర కాదు, అతడే. పెద్ద పిల్లవాడు చిన్నవాని వంతు కూడ తానే పలుకుట మరియొక రోగము. దానికి సూత్రధారుడు చిన్నవాని పేరు పెట్టి పిలిచి, అతడు నోరు విప్పువరకు ఊరకుండుటయే మందు. ఆ మౌనము అరనిమిషముండినను పెద్దలకు దుర్భరము. ఓర్చుకొనవలెను.

గంటన్నర దాటనీయక, పిల్లలు ఇంకను కావలెనని కోరుచుండగనే లేచుట మంచిది.

ఎర్నీ ఆడిన మాంత్రికుని పేరు టెన్సర్. ఎర్నెస్ట్ అను తన పేరులోని ఇంగ్లీషు అక్షరములనే తారుమారు చేసి పెట్టుకొన్నది. 1978లో అచ్చయిన నియమగ్రంథములో ఒక మంత్రమున్నది. పఠించినచో గాలిలో తేలు గుండ్రని పళ్లెమొకటి పుట్టి, మోయలేని బరువులను మోసికొని వెంట వచ్చును. దానికి తండ్రి పెట్టిన పేరు ‘టెన్సర్ తేలుపళ్లెము’.