పిండికొలదియే రొట్టెయా?

కంప్యూటరు సాయమున కదలు బొమ్మల చిత్రములను నిర్మింపగోరు బాలబాలికలు నేడు మన పాఠశాలలలో నధికమగుచున్నారు. వారు మాతో చెప్పుకొను మొర యొక్కటియే: "అయ్యా, విలువగల యంత్రము లేనిదే చక్కని చిత్రము రాదు. పిండికొలది రొట్టె గదా!" ఈ మాట సగమే సత్యమని మా యభిప్రాయము. పిండి యెంతయున్నను, కలుపు చేతి నేర్పు లేనిదే రొట్టె రుచింపదు.

బొమ్మల రూపమును, రంగును, వెలుగునీడలను యంత్రము లెక్కించి యొక్కొక్క పటముగా చిత్రించుటయే రెండరింగు. సెకనునకు 24 పటముల చొప్పున రెండు నిమిషముల చిత్రమునకు 2,880 పటములు కావలెను. పటమునకు 5 నిమిషములు పట్టినచో మొత్తము 240 గంటలు, అనగా పది దినములు రేయింబవళ్లు యంత్రము శ్రమింపవలెను. పూర్తి నిడివి గల మొదటి కంప్యూటరు యానిమేషన్ చిత్రమగు 'టాయ్ స్టోరీ'కి (1995) 117 కంప్యూటర్లును, సుమారు 8 లక్షల యంత్రగంటలును కావలసివచ్చెను.

గత సంవత్సరము మా విద్యార్థి యొకడు, ఉచితముగా లభించు బ్లెండర్ సాఫ్ట్‌వేరుతో కాకియు కడవయు అను కథను చిత్రముగా చేయ బూనెను. వాని లెక్కయు పటమునకు 5 నిమిషములే. వార్షికోత్సవమునకు వారము మాత్రమే మిగిలియుండెను. అతడు భయపడి, శాంపిల్స్ సంఖ్యను, అనగా ఒక్కొక్క చుక్కకు పరీక్షింపవలసిన కాంతికిరణముల సంఖ్యను, ఒక్కమారుగా తగ్గించివేసెను. పటములు త్వరగా వచ్చినవి గాని, నీడలన్నియు చీమలు పాకుచున్నట్లు గరగరలాడినవి. బాలుడు కంట నీరు పెట్టుకొనెను.

అప్పుడు మేము వానితో నిట్లంటిమి: "గరుకు సగమగుటకు శాంపిల్స్ నాలుగింతలు కావలెను. కావున అంతటను పెంచుట దుబారా, అంతటను తగ్గించుట నష్టము. ఎచ్చట కావలెనో చూచుకొనుము."

అతడు పరీక్షా పటములను 1920×1080 కొలతకు బదులు 960×540లో తీసెను. నాలుగవ వంతు చుక్కలతోనే దోషములు బయటపడినవి. కెమెరా కదలని దృశ్యములలో చెట్టును, నేలను ఒక్కమారే చిత్రించి, కాకిని దాని నీడతోకూడ వేరుగా తీసి పైన చేర్చెను. గాజు వస్తువులు లేనందున కాంతి పరావర్తనముల సంఖ్యను తగ్గించెను. గరుకు మిగిలినచోటనే యంత్రము మరల శ్రమించునట్లు అడాప్టివ్ శాంప్లింగును వాడెను. తుదకు గరుకును తుడుచు డీనాయిజరును మితముగా నుపయోగించెను. ఏలయన శాంపిల్స్ మిక్కిలి తక్కువైనచో నది రెక్కల గీతలను గూడ తుడిచివేయును, పటము పటమునకు మినుకుమినుకు మనును. వీడియోగా గాక విడివిడి పటములుగా దాచుటచే కరెంటు పోయినను చేసిన పని చెడలేదు. పటమునకు సగటున 2 నిమిషములే పట్టెను. 240 గంటల పని 96 గంటలలో ముగిసెను. కాకి రెక్కలు మాత్రము మొదటివలెనే నిగనిగలాడినవి.

"చూచువారు కనిపెట్టరులే" యని కొందరందురు. దీనిని మేమంగీకరింపము. కన్ను చూడని చోట శ్రమ తగ్గించుట పొదుపు. కన్ను చూచుచోట తగ్గించుట వంచన. ఈ రెంటికిని గల భేదమెరుగుటయే కళాకారుని విద్య. లాట్వియా దేశీయుడగు గింట్స్ జిల్బలోడిస్ దర్శకత్వమున 2024లో వెలువడిన 'ఫ్లో' చిత్రము ఆ బ్లెండర్‌లోనే, ఈవీ యను శీఘ్ర రెండరింగు పద్ధతితో తయారై, 2025లో ఆస్కార్ బహుమానము నందెను. అందు పిల్లి బొచ్చులోని ప్రతి వెంట్రుకను చూపు యత్నము లేదు; దాని నడకయు, బెదురును, చూపును మాత్రము సజీవములు.

కావున తలిదండ్రులారా, పిల్లవాడు క్రొత్త యంత్రమడిగినప్పుడు, ఉన్నదానితో నేమి చేసి చూచెనో ముందుగా నడుగుడు. విద్యార్థులారా, రెండరింగు మీట నొక్కుటకు ముందు ఒక కాగితము తీసికొని పటములెన్ని, గంటలెన్ని, కన్ను నిలుచుచోటేది యని లెక్క వ్రాసికొనుడు. ఆ యరగంట ఆలోచన మీకు దినములకొలది కాలమును మిగుల్చును.