బాండ్‌కు గాయాలు చాలు, పని అప్పగించండి

జేమ్స్ బాండ్ తర్వాతి సినిమాకు డెనీ విల్నవ్ దర్శకుడని 2025 జూన్‌లో అమెజాన్ ఎంజీఎం ప్రకటించినప్పటి నుంచి ఒకటే సంబరం. ‘డ్యూన్’ తీసినవాడు, ఇక బాండ్‌కు తిరుగులేదు అంటున్నారు. గొప్ప దర్శకుడే, కాదనను. కానీ పెద్ద పేరున్నవాణ్ని తెచ్చి కూర్చోబెడితే చాలు, బాండ్ సినిమా దానంతటదే బాగుపడుతుందన్న భ్రమ ఈ సిరీస్‌ను పాతికేళ్లుగా పీడిస్తోంది. ఆ భ్రమ వదలకపోతే విల్నవ్ వచ్చినా ఒరిగేదేమీ లేదు.

బాండ్ ఎవరు? ప్రభుత్వ ఉద్యోగి. పై అధికారి పిలిచి ఒక పని చెబుతాడు, చేసుకు రావాలి. 1962లో వచ్చిన ‘డాక్టర్ నో’ మొదలు ఈ సిరీస్‌ను నిలబెట్టింది ఈ ఏర్పాటే. జమైకాలో తోటి గూఢచారి కనిపించకుండా పోయాడు, వెళ్లి సంగతేమిటో తేల్చుకు రా. మరుసటి ఏడాది ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో ఇస్తాంబుల్ నుంచి సోవియట్ సంకేత యంత్రాన్ని పట్టుకురావాలి. యంత్రం ఎవరి చేతిలో ఉందో, ఎవడు వెంటపడుతున్నాడో మనకు తెలుసు. అందుకే ఆ ఇరుకు రైలు పెట్టెలో షాన్ కానరీ, రాబర్ట్ షా కలబడుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. దెబ్బ ఎటు నుంచి వచ్చిందో, కిటికీ ఎక్కడుందో, కత్తి ఎవరికి అందుతుందో కళ్లకు కట్టినట్టుంటుంది.

ఆ కత్తిరింపు పీటర్ హంట్‌ది. తొలి బాండ్ చిత్రాలకు వేగం నేర్పింది ఆ ఎడిటరే. 1969లో ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’కు దర్శకత్వం అతనికే ఇచ్చారు. దాన్ని ఎడిట్ చేసిన జాన్ గ్లెన్ తర్వాత 1981 నుంచి 1989 దాకా వరుసగా ఐదు బాండ్ సినిమాలు తీశాడు. పని తెలిసినవాడి చేతికే పగ్గాలు ఇచ్చిన రోజులవి. హంట్ సినిమా చివర్లో బాండ్ పెళ్లాడిన ట్రేసీని, పెళ్లయిన కాసేపటికే కాల్చి చంపేస్తారు. సిరీస్ మొత్తంలో అంతటి దుఃఖం మరెక్కడా లేదని నా నమ్మకం. ఎందుకంటే ఆల్ప్స్ మంచులో బాండ్ చేత పని చేయించి, ఆ తర్వాతే అతని గుండె మీద కొట్టారు.

ఇప్పుడు డేనియల్ క్రెయిగ్ కాలానికి రండి. నటుడిగా అతనికి వంక పెట్టలేం. అతని చేత మోయించిన బరువే అన్యాయం. ‘స్కైఫాల్’లో దేశదేశాల్లో మారువేషాల్లో ఉన్న గూఢచారుల జాబితా దొంగల పాలవుతుంది. బాండ్ పోరాడి, తూటా తిని, నీళ్లలో పడిపోయేది దాని కోసమే. సినిమా ముగిసేసరికి ఆ జాబితా ఊసే లేదు. బాండ్ పుట్టి పెరిగిన ఇల్లు, తల్లిదండ్రుల సమాధి, తల్లిలాంటి పై అధికారి ఎమ్ మరణం, ఇవే మిగిలాయి. కాపాడాల్సిన మనిషి చనిపోయింది, అయినా దాన్ని గెలుపు లాగా చూపించారు! వసూళ్లు వంద కోట్ల డాలర్లు దాటాయి కాబట్టి ఎవరూ నిలదీయలేదు.

నిలదీయనందుకు ఫలితం మూడేళ్లకే వచ్చింది. 2015లో ‘స్పెక్టర్’లో, ‘స్కైఫాల్’ తీసిన శామ్ మెండెసే బాండ్ పాత శత్రువు బ్లోఫెల్డ్‌ను అతనికి అన్న వరస చేశాడు. అనాథ బాండ్‌ను తన తండ్రి చేరదీశాడన్న అసూయతో ఆ తండ్రినే చంపి, ప్రపంచాన్ని గడగడలాడించే ముఠా కట్టాడట! గత మూడు సినిమాల విలన్లూ వాడి మనుషులేనట! ఖండాలన్నీ తిరగాల్సిన గూఢచారి కథను దాయాదుల పగగా కుదించారు. మన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌తో ఏళ్ల తరబడి విసిగిపోయిన తెలుగు ప్రేక్షకుడికి ఆ రోగం లక్షణాలు ఎవరూ చెప్పక్కర్లేదు. 1966లో ‘గూఢచారి 116’ చూసి కృష్ణను ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని నెత్తిన పెట్టుకున్నవాళ్లు కోరుకున్నది చురుకు, తెగువ, వేగం. ఏజెంట్ బాల్యంలో ఏం జరిగిందని వాళ్లెవరూ అడగలేదు.

రెండో జబ్బు అనుకరణ. ‘స్టార్ వార్స్’ ఆడిందని 1979లో బాండ్‌ను అంతరిక్షానికి పంపారు. జేసన్ బోర్న్ సినిమాలు ఆడాయని 2008లో ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ను ముక్కలు ముక్కలుగా కోశారు. మొదటి కారు ఛేజ్‌లో ఏది ఎవరి కారో పోల్చుకోలేం. హృదయాన్ని తాకే కథలు చెప్పగల మార్క్ ఫార్‌స్టర్‌ను తెచ్చి, అతనికి అలవాటు లేని పని నెత్తిన రుద్దితే జరిగేది అదే. అంతకుముందు ఒక బాండ్ సినిమా తీసిన మైకేల్ ఆప్టెడ్ విషయంలోనూ ఇదే జరిగింది. మాటల సన్నివేశాలు ఒక సినిమా, పోరాటాలు మరో సినిమా అన్నట్టు అతుకులు బయటపడ్డాయి.

మరి ఈ సిరీస్‌ను రెండుసార్లు బతికించిందెవరు? మార్టిన్ క్యాంప్‌బెల్. బ్రిటిష్ టీవీలో చెయ్యి తిరిగిన న్యూజిలాండ్ వాడు. ఆరేళ్లు ఆగిపోయిన బాండ్‌ను 1995లో ‘గోల్డెన్ ఐ’తో లేపాడు. 2002లో మాయమయ్యే కారుతో సిరీస్ పరువు పోగొట్టుకున్నాక, 2006లో ‘కాసినో రాయల్’తో మళ్లీ నిలబెట్టాడు. అందులో పని ఒక్క వాక్యం: పేకాట బల్ల దగ్గర విలన్ లె షిఫ్ర్‌ను దివాలా తీయించాలి. మొదట్లో వచ్చే ఛేజ్ చూడండి. పారిపోతున్నవాడు గోడకున్న చిన్న సందులోంచి సునాయాసంగా దూరిపోతాడు, వెనకే వచ్చే బాండ్ గోడనే బద్దలు కొట్టుకుని బయటపడతాడు. మొండివాడు, ఇంకా నాగరికం అబ్బనివాడు, ఆగనివాడు అని ఆ ఒక్క షాట్ చెప్పేసింది. శైలి అంటే ఇదీ! పాత్రను చేతల్లో చూపించడం. ఇంత చేసినవాడు రెండుసార్లూ తర్వాతి సినిమా తీయలేదు.

విల్నవ్ మీద నాకు ఆశ లేక కాదు. ఉంది కాబట్టే ఈ కోపం. నా ఆశ ‘డ్యూన్’ మీద కాదు, 2015 నాటి ‘సికారియో’ మీద. హువారెస్ నుంచి ఖైదీని తీసుకొస్తున్న కార్ల వరుస సరిహద్దు వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. చుట్టూ మామూలు కార్లు, కొన్నింటిలో తుపాకులు. ఎవరి కారు ఎటు ఉందో, ఎవరి చూపు ఎవరి మీద ఉందో తూకం వేసినట్టు చూపిస్తాడు. నిమిషాల కొద్దీ బిగించి, కాల్పులు క్షణాల్లో ముగించేస్తాడు. హంట్ రైలు పెట్టెకు అసలైన వారసత్వం ఆ వంతెన మీద ఉంది. బాండ్‌కు కావాల్సిన విల్నవ్ అతనే. ఎడారి దిబ్బల మీద నిమిషాల తరబడి కెమెరా నిలిపి, పొగమంచులో నిలబడ్డ మనిషిని చూసి తత్వం ఊహించుకోమనే విల్నవ్ ఇక్కడ అక్కర్లేదు.

కథ రాస్తున్నది ‘పీకీ బ్లైండర్స్’ సృష్టించిన స్టీవెన్ నైట్. కుటుంబాల పగలు, పాత గాయాలు అతనికి వెన్నతో పెట్టిన విద్య. నా భయమంతా అక్కడే. మొదటి పావుగంటలోనే ఎమ్ గదిలో ఒక పని, ఒక చోటు, ఒక గడువు ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. చివరికి ఆ పని అయిందో లేదో తేలాలి. బాండ్ తల్లిదండ్రుల సమాధి ఉన్న పేజీ స్క్రిప్టులో ఎక్కడ కనబడినా, నిర్మాతలు ఏమీ పాస్కల్, డేవిడ్ హేమన్ దాన్ని ఆ పూటే చించెయ్యాలి.