పోగు లెక్క తెలియని నేత

షోలాపూర్ తూర్పు వైపున్న పూర్వభాగంలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే సాంచె (మరమగ్గం) ఆగాలి. అశోక్ చౌక్ దాటి గల్లీల్లోకి వెళ్తే కింద కార్ఖానా, పైన కాపురం ఉండే ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ చప్పుడు మధ్యనే ఈమధ్య ఒక కొత్త పని మొదలైంది. కండెలో నూలు అయిపోయి సాంచె ఆగినప్పుడు కుర్రవాళ్లు ఫోను తీసి ఏఐతో వీడియోలు చేయిస్తున్నారు.

2025 అక్టోబరు చివర్లో జియో, గూగుల్ కలిసి జెమిని ప్రో సేవను 18 నెలలు ఉచితంగా ఇస్తామన్నాయి. ముందు 18 నుంచి 25 ఏళ్ల వారికి, కొద్ది రోజులకే మిగతా వారికీ ఇచ్చాయి. అందులో ‘వియో’ అనే వీడియో సాధనం ఉంది. నాలుగు మాటలు రాస్తే ఎనిమిది సెకన్ల వీడియో శబ్దంతో సహా చేతికొస్తుంది. యాడ్ ఫిల్ము తీయించే స్తోమత ఏనాడూ లేని చిన్న ఆసామికి ఇది పెద్ద ఆశ. ఆ ఆశను నేను తక్కువ చేయను. దారి తెలుసుకుని దిగమనే ఈ వ్యాసం.

ఇలాంటి ఒక సాధనంలో ‘షోలాపూర్ చద్దరు నేస్తున్న నేతగాడు’ అని రాసి చూశాను. తెల్లగడ్డం ముసలాయన, తలపాగా, కర్రమగ్గం, మట్టిగోడ, కిటికీలోంచి పడే బంగారు ఎండ వచ్చాయి. చూడ్డానికి ఎంతో బాగుంది. అందులో మనది ఒక్కటీ లేదు. ఇక్కడి చద్దరు ఎక్కువగా జకార్డు బిగించిన సాంచెల మీద తయారవుతుంది. ట్యూబులైటు వెలుగు, గాల్లో తేలే దూది నూగు, రెండు సాంచెల మధ్య బనీనుతో నిలబడ్డ మనిషి, ఇదీ అసలు దృశ్యం. పైగా ఆ వీడియోలో నాడె (షటిల్) పడుగులోకి దూరలేదు, దాని మీదుగా తేలిపోయింది. పద్మశాలీల ఇంట్లో పదేళ్ల పిల్లవాడైనా ఆ తప్పు పట్టేస్తాడు. హైదరాబాదులో ఫోను చూస్తున్న కొనుగోలుదారు పట్టలేడు. చిక్కంతా అక్కడే ఉంది.

సాంచె మీద తయారైన సరుకు పక్కన కర్రమగ్గం వీడియో పెడితే అది చేనేత అని చెప్పినట్టే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ‘నేను చేయలేదు, ఏఐ చేసింది’ అంటే చెల్లదు. కృత్రిమంగా తయారైన వీడియో మీద ఆ సంగతి తెలిసేలా గుర్తు ఉండాలని 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలను కూడా సవరించారు.

ఇంకో నష్టం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2025 మే 18న తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామికవాడలోని టవళ్ల కార్ఖానాలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఒక పసివాడూ ఉన్నాడు. మట్టిగోడల నేతశాలను చూపించి అసలు కార్ఖానాను కప్పిపెడితే, దాన్ని బాగుచేయమని అడిగేవాడు ఎక్కణ్నుంచి వస్తాడు?

చద్దరు మీద నెమలి ఎలా పుడుతుందో పూర్వభాగంలో వాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతా పాఠకుల కోసం చెబుతాను. ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతారు. ఒక్కో గడి ఒక పడుగు పోగూ ఒక పేక పోగూ కలిసే చోటు. ఏ పోగు పైకి లేవాలో ఏది కిందే ఉండాలో ఆ గడి చెబుతుంది. దాన్ని చూసుకుంటూ అట్టలకు రంధ్రాలు కొట్టి, వాటిని వరుసగా దారంతో కట్టి జకార్డుకు ఎక్కిస్తారు. అట్టల బదులు కంప్యూటరు ఫైలు వచ్చిన చోట్ల కూడా లెక్క అదే. ఒక్క రంధ్రం తప్పుపడితే ఆ నమూనా తిరిగి వచ్చిన ప్రతిచోటా ఆ తప్పు బట్ట మీద పలుకుతుంది. 1804 నాటి ఈ ఫ్రెంచి అట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి తీసుకున్నాడు. కంప్యూటరు పుట్టకముందే నేతగాడికి బాకీ పడింది.

వీడియో చేసే ఏఐ దగ్గర ఈ గ్రాఫు లేదు. అది చుక్కల ముసురుతో మొదలుపెట్టి, మనం రాసిన మాటలకు దగ్గరయ్యేలా ఆ ముసురును కొంచెం కొంచెంగా తేటపరుస్తూ పోతుంది. బట్ట ఎలా కనబడుతుందో దానికి తెలుసు, ఎలా నేస్తారో తెలియదు. మొదటి సెకనులో ఐదు ఈకలున్న నెమలికి ఆరో సెకనులో ఏడు ఈకలు రావచ్చు. ఆ వీడియో చూసి తెప్పించుకున్నవాడు ‘ఇది కాదే’ అని తిప్పి పంపితే రానుపోను ఖర్చు చిన్న ఆసామి నెత్తినే పడుతుంది.

షోలాపూర్ చద్దరుకూ టవలుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో అవి ఉన్నాయి. అయినా ఈ పేరు తగిలించి ఎక్కడెక్కడి నాసిరకం సరుకో అమ్ముతున్నారన్న గోడు పాతదే. ఇక వాళ్లకు అందమైన వీడియో కూడా అరచేతిలోకి వచ్చింది. దొంగ సరుకువాడు చూపించలేనిదల్లా అసలు బట్ట. మనమూ దొంగ బట్టనే చూపిస్తే మనకూ వాడికీ తేడా ఏముంది?

అందుకే నా మాట ఒక్కటే. ఏఐ చేత బట్టను నేయించకండి. చద్దరును పగటి వెలుగులో పరిచి, నూలు పురి కనబడేంత దగ్గరగా ఫోను పెట్టి తీయండి. ఒక మూల పట్టి లాగండి, మడత విప్పండి. ఆ వీడియో ముక్కను అలాగే ఉంచండి. పండగ శుభాకాంక్ష, మొదట్లో వచ్చే దృశ్యం, వెనక సంగీతం లాంటివి ఏఐకి వదిలేయండి. ఫొటో ఇచ్చి కదిలించమంటే కెమెరాను నెమ్మదిగా జరపమని మాత్రమే చెప్పండి. అదీ ఫొటో అంచులు దాటకుండా. అంచు దాటిన మరుక్షణం అది సొంత బట్ట అల్లడం మొదలుపెడుతుంది. ఎనిమిది సెకన్లకు ఒక్క పని చాలు. నిలువు వీడియో కావాలంటే మొదట్లోనే ఎంచుకోండి. వేగంగా చేసే చవక రకంలో ముందు సరిచూసుకోండి, ప్రతి ప్రయత్నానికీ మీ కోటాలోంచి ఖర్చవుతుంది. తెలుగు అక్షరాలను అది తరచు వంకర్లు తిప్పుతుంది, పేరూ ధరా తర్వాత మీరే చేర్చుకోండి.

భాష సంగతి కూడా చూడాలి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేతగాళ్ల మనవలు, మునిమనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. చాలామందికి తెలుగు లిపి రాదు. ఈ సాధనాల్లో చాలావాటి మెనూలు ఇంగ్లీషులో ఉంటాయి. నోటితో చెబితే వినే ఏర్పాటు ఉన్నా, ‘పేక’ అంటే పేకముక్క అనుకునే యంత్రానికి అల్లికను విడమరిచి చెప్పాల్సిందే. అది చెప్పగలిగినవాళ్లు గ్రాఫులు గీసే పెద్దలు. వేలు చకచకా కదిపేది పిల్లలు. ఇద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టే పని షోలాపూర్ పద్మశాలి శిక్షణ్ సంస్థ లాంటి విద్యాసంస్థలు తలచుకుంటే చేయగలవు. కేంద్ర జౌళిశాఖ ‘సమర్థ్’ శిక్షణలో దీనికి ఒక్క పూట కేటాయించినా చాలు.

శ్రావణ పౌర్ణమికి పద్మశాలీలు కొలిచే మార్కండేయుడి రథం ఊరేగినప్పుడు ఊరంతా వీధిలోనే ఉంటుంది. అప్పటిదాకా ఆగకుండా, ఈ వారమే ప్రతి ఆసామీ తన సాంచె మీద దిగుతున్న చద్దరును ఒక్క నిమిషం ఫోనులో తీసి, దానికి ఏమీ కలపకుండా అమ్మకానికి పెట్టాలని కోరుతున్నాను.