రెండో కుర్చీలో నలభై ఏళ్లు

2024 నవంబరు 20 రాత్రి అమెరికాలోని కనెటికట్ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గెలిచింది. దాంతో కోచ్ జెనో ఆరియెమ్మా గెలుపుల లెక్క 1,217కి చేరింది. ఆడా మగా తేడా లేకుండా చూసినా, అగ్రశ్రేణి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మరే కోచ్‌కీ అన్ని గెలుపులు లేవు. మర్నాడు పతాక శీర్షికలన్నీ ఆయనవే. ఆయన పక్క కుర్చీలో ఉన్నది మాత్రం మొదటి సీజన్ నుంచీ ఒకే మనిషి, క్రిస్ డెయిలీ. ఇద్దరూ 1985లో ఒకేసారి ఆ కాలేజీకి వచ్చారు. ఆయన హెడ్ కోచ్, ఆమె అసిస్టెంట్. 1988లో ఆమె హోదాకి 'అసోసియేట్' అన్న మాట చేరింది. కుర్చీ మారలేదు.

ఇలాంటి రెండో చోటు మన బుర్రకథలోనూ ఉంది. బుర్రకథకుడు నాజర్ పేరు వినని తెలుగువాడు అరుదు. ఆయనకు అటూ ఇటూ నిలబడి డక్కీ వాయిస్తూ 'తందాన తాన' అన్న వంతల పేర్లు ఎందరికి తెలుసు? కథకుడు ఊపిరి తీసుకునే చోట కథ పడిపోకుండా పట్టుకునేది వంతే. జనం నిద్రలోకి జారుతున్నారని ముందు పసిగట్టేదీ వంతే. అయినా కరపత్రం మీద ఒక్క పేరే అచ్చవుతుంది.

అమెరికా కాలేజీ క్రీడల్లో అసిస్టెంట్ కోచ్ అంటే సంచి మోసే మనిషి కాదు. రాబోయే ప్రత్యర్థులను అసిస్టెంట్లు వంతులేసుకుని చదువుతారు. వీడియో కోసి, ఎవరు ఎడమకి తిరుగుతారో, ఎవరు అలిసిపోతే చెయ్యి దించేస్తారో రాసి పెడతారు. ఎండాకాలం మొత్తం ఊరూరా జిమ్ముల చెక్క బల్లల మీద కూర్చుని పదిహేనేళ్ల పిల్లల ఆట చూస్తారు, వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడతారు. హెడ్ కోచ్ తిట్టిన అమ్మాయిని రాత్రి సముదాయించేదీ వీళ్లే. 2021 మార్చిలో కోవిడ్ వచ్చి ఆరియెమ్మా ఇంట్లో ఉండిపోతే, జాతీయ టోర్నీ మొదటి రెండు మ్యాచులకు డెయిలీయే జట్టును నడిపించారు. రెండూ గెలిచారు. ఆయన తిరిగి రాగానే ఆమె మళ్లీ పక్క కుర్చీకి జరిగారు.

ఇక్కడే మనకో చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. మగ హెడ్ కోచ్ పక్కన ఒక స్త్రీ నలభై ఏళ్లు రెండో స్థానంలో ఉండిపోతే మెచ్చుకోవాలా, నొచ్చుకోవాలా? తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదిది. 1972లో 'టైటిల్ నైన్' చట్టం వచ్చే నాటికి కాలేజీ మహిళా జట్ల కోచ్‌లలో నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్లే. 2014 నాటికి అది 43 శాతానికి పడిపోయింది. చట్టం ఆడపిల్లల ఆటకు డబ్బు తెచ్చింది. డబ్బు వచ్చిన కుర్చీలోకి మగవాళ్లు వచ్చారు. కాబట్టి ఆ ప్రశ్న వ్యవస్థను అడగాల్సిందే. డెయిలీని అడగడం మాత్రం అన్యాయం. 1982లో రట్గర్స్ ఆటగత్తెగా జాతీయ టైటిల్ అందుకుని, అసిస్టెంట్‌గా పన్నెండు టైటిళ్లలో పాలు పంచుకున్న మనిషి, 2018లో మహిళా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మనిషి, ఎక్కడో ఆగిపోయిందని ఎలా అంటాం?

అసలు గొడవంతా 'మెట్టు' అన్న ఊహలో ఉంది. అసిస్టెంట్ ఉద్యోగం ఎక్కి దాటాల్సిన మెట్టే తప్ప నిలబడే చోటు కాదని కాలేజీ క్రీడల పెద్దలు ఏనాడో తీర్మానించుకున్నారు. 1990ల మొదట్లో ఆ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక తరగతి అసిస్టెంట్లకు ఏడాదికి 16,000 డాలర్లు దాటి ఇవ్వకూడదని నియమం పెట్టింది. ఇవి కొత్తగా వచ్చే కుర్రకోచ్‌ల కోసం అట్టిపెట్టిన కొలువులని సమర్థించుకుంది. పురుషుల బాస్కెట్‌బాల్ అసిస్టెంట్లు కోర్టుకెక్కారు. అప్పటికే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఆ కుర్చీల్లో ఉండకుండా ఆపేదేదీ నియమంలో లేదని 1998లో అప్పీలు కోర్టు తేల్చేసింది. మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ 5.45 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. నియమం పోయినా ఆ ఊహ పోలేదు.

మెట్టు ఎక్కినవాళ్ల సంగతి చూద్దాం. టెనసీ విశ్వవిద్యాలయంలో హెడ్ కోచ్ ప్యాట్ సమిట్ పక్కన హాలీ వార్లిక్ 27 ఏళ్లున్నారు. సమిట్ ఎనిమిది టైటిళ్లకూ ఆమె బెంచ్ మీదే ఉన్నారు. సమిట్‌కు అల్జైమర్స్ అని తెలిశాక, 2012లో పెద్ద కుర్చీ వార్లిక్‌కిచ్చారు. ఏడేళ్లలో 172 గెలిచి, 67 ఓడారు. 2019లో తీసేశారు. ఆ అంకెలు చాలా కాలేజీల్లో పండగ చేసుకునేవే. టెనసీలో మాత్రం కొలబద్ద సమిట్. వంతగా అద్భుతం అనిపించుకున్న మనిషిని కథకుడి చోట నిలబెట్టి పాత కథకుడి గొంతు రాలేదన్నట్టుంది.

అయోవాలో కథ వేరేగా నడిచింది. ఆ రాష్ట్రంలో 1993 దాకా హైస్కూలు అమ్మాయిలు ఆరుగురి బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు. ముగ్గురు బుట్టలో వేయాలి, ముగ్గురు అడ్డుకోవాలి. మధ్య గీత ఎవరూ దాటకూడదు. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. ఆ ఆటలో, హైస్కూలు చివరి ఏడాదిలో, మ్యాచ్‌కి సగటున 66 పాయింట్లు చేసిన అమ్మాయి జాన్ జెన్సెన్. రెండే డ్రిబుళ్లు ఉన్నప్పుడు ఇక మిగిలేది కాళ్లే. ప్రత్యర్థి నడుముకు నడుము ఆనించి చోటు పట్టాలి, బంతి అందగానే ఏ పాదం తిప్పాలో ముందే తెలిసి ఉండాలి. అయోవా విశ్వవిద్యాలయం హెడ్ కోచ్ లీసా బ్లూడర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాక బుట్ట కింద ఆడే పొడుగు పిల్లలకు జెన్సెన్ నేర్పిందీ ఇదే. 2019లో దేశంలోకెల్లా మేటి కాలేజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణిగా నిలిచిన మేగన్ గుస్టాఫ్‌సన్ ఆ పాఠశాల నుంచి వచ్చిందే. చచ్చిపోయిన పాతకాలపు ఆటలోని పాదాల విద్య ఒక అసిస్టెంట్ చేతుల మీదుగా కొత్త ఆటలో బతికిందని నా నమ్మకం. రెండు మూడేళ్లకోసారి కాలేజీ మారే కోచ్ దగ్గర ఇలాంటిది నిలవదు.

మన కాలేజీల్లో ఈ చర్చకి తావే లేదు. కబడ్డీ నుంచి లాంగ్‌జంప్ దాకా సాధారణంగా ఒక్క పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారే దిక్కు. మొదటి కుర్చీకే గతి లేని చోట రెండో కుర్చీ గురించి ఏం మాట్లాడతాం!

అమెరికాలో మాత్రం 2023 నుంచి ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ల సంఖ్యను మూడు నుంచి ఐదుకి పెంచింది. కొత్త ఇద్దరూ ఆటగాళ్ల వేటకు క్యాంపస్ దాటి వెళ్లకూడదనీ, నేర్పడమే వాళ్ల పని అనీ అప్పుడు నియమం పెట్టింది. నా దృష్టిలో ఇది మంచి మార్పు. ఆ ఇద్దరూ పదేళ్లు అక్కడే ఉండేంత జీతం, గౌరవం ఇస్తారా అన్నదే నా అనుమానం.

2024 మేలో బ్లూడర్ తప్పుకున్న రోజే జెన్సెన్‌ను హెడ్ కోచ్‌గా ప్రకటించారు. మేటి ఆటగత్తె కైట్లిన్ క్లార్క్ వెళ్లిపోయిన ఆ జట్టు తర్వాతి సీజన్‌లో 23 గెలిచి, 11 ఓడింది. నేను చదివిన వార్తలన్నీ క్లార్క్ లేని లోటు గురించే. బుట్ట కింద పిల్లలకు అడుగులు నేర్పే జెన్సెన్ పాత పని ఇప్పుడు ఎవరి చేతికి వెళ్లిందని అడిగిన వార్త ఒక్కటీ నా కంటపడలేదు.