సూత్రముల చాటున అనుమితి

మన కళాశాలలలో గణితేతర విద్యార్థులకు సాంఖ్యక శాస్త్రమును బోధించు విధానమును గూర్చి ఒక అభిప్రాయము చిరకాలముగా స్థిరపడి, ఇప్పుడది ప్రశ్నింపనక్కఱలేని సత్యమువలె చెలామణి యగుచున్నది. వాణిజ్యము, మనస్తత్వ శాస్త్రము, వ్యవసాయము, జీవశాస్త్రము చదువు యువతీయువకులు గణితమనిన భయపడుదురు గనుక, సంభావ్యతా సిద్ధాంతము జోలికి పోక, శూన్య పరికల్పనను వ్రాయుట, దత్తాంశమును సూత్రములో ప్రతిక్షేపించుట, వచ్చిన సంఖ్యను టేబుల్ విలువతో పోల్చుట, దానికి మించినచో తిరస్కరించుట అను నాలుగు మెట్లు వారికి నేర్పిన చాలుననియు, అర్థము తరువాత దానంతట అదే బోధపడుననియు ఆ అభిప్రాయసారము. ఇట్లు చెప్పువారు దుర్బుద్ధితో చెప్పువారు కారు. విద్యార్థి పరీక్ష గట్టెక్కవలెనను వాత్సల్యమే వారిచే అట్లు పలికించుచున్నది. అయినను ఆ వాత్సల్యము వానికి మేలు చేయుట లేదనియు, సులభమని వారు చూపు త్రోవయే నిజమునకు కఠినతరమైనదనియు నా దృఢవిశ్వాసము.

అనుమితి మనకు క్రొత్త విషయము కాదు. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పున్నదని నిశ్చయించుటకు ముందు, పొగయున్న చోటనెల్ల నిప్పుండునను వ్యాప్తి తెలిసియుండవలెనని మన నైయాయికులు పట్టుపట్టిరి. అన్నంభట్టు తర్కసంగ్రహమును తర్కము క్రొత్తగా చదువువారి కొఱకే రచించెను. అంత చిన్న గ్రంథములో సైతము వ్యాప్తిని విడిచిపెట్టి అనుమితిని చెప్పవచ్చునని ఆయనకు తోచలేదు. సాంఖ్యకానుమితిలో ఆ స్థానము నాక్రమించునది ప్రతిచయన విభాజనము. అనగా, ఒకే సమష్టినుండి మరల మరల ప్రతిరూపములను తీసినయెడల వాని సగటులు ఏ మేరకు చెదరునో తెలుపు జ్ఞానము. భేదమేమనగా, పొగకు నిప్పు తప్పనిసరి. ఇక్కడ తప్పనిసరి యనునది లేదు, ఎంత తఱచుగా తప్పునో మాత్రము ముందే తెలిసియుండును. ఈ జ్ఞానము లేనివానికి టేబుల్ విలువను అందించుట వ్యాప్తి నెఱుగనివానికి పొగను చూపుట వంటిదే.

విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డులలో పుటలు పుటలుగా నింపు టీ-పరీక్ష ఎట్లు పుట్టినదో చూడుడు. డబ్లిన్ నగరములోని గిన్నిస్ బీరు కర్మాగారమున పనిచేయుచుండిన విలియం గాసెట్‌కు ప్రయోగములలో చేతికందు పరిశీలనలు బహుస్వల్పము. చిన్న ప్రతిరూపమునుండి ఎంతవఱకు నిర్ధారణ చేయవచ్చునో తెలిసికొనదలచి, 1908లో 'స్టూడెంట్' అను మాఱుపేరుతో ప్రకటించిన వ్యాసములో ఆయన సూత్రమును సాధించి ఊరకుండలేదు. మూడువేలమంది నేరస్థుల యెత్తులను, ఎడమచేతి నడిమివ్రేలి పొడవులను 3000 అట్టముక్కలపై నెక్కించి, వానిని బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 ప్రతిరూపములుగా విభజించి, సూత్రము చెప్పినదియు అట్టముక్కలు చెప్పినదియు సరిపోలుచున్నవా యని పరీక్షించెను. సూత్రకర్తయే అట్టముక్కలను కలిపి చూచుకొనగా, ఆ సూత్రమును తొలిసారి వినుచున్న పద్దెనిమిదేండ్ల విద్యార్థికి ఆ పని అక్కఱలేదని మనమెట్లు నిర్ణయించితిమి? సంఖ్యలు వ్రాసిన చీటీలను ఒక సంచిలో వేసి, తరగతిలోని ఒక్కొక్కరిచే నాలుగేసి చీటీలు తీయించి, సగటు కట్టించి, తీసినవానిని మరల సంచిలో వేయించి, నల్లబల్లపై ఆ సగటు ఉన్నచోట చుక్క పెట్టించినయెడల, ఒక్క గంటలో ప్రతిచయన విభాజనము వారి కన్నులయెదుట రూపు కట్టును. నాలుగింటికి మాఱుగా పదునాఱు చీటీలు తీయించినచో చుక్కల చెదరు ఇంచుమించు సగమునకు తగ్గుటయు చూతురు. హారములో వర్గమూలము ఏల యున్నదో అటుపిమ్మట వారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

సంభావ్యత తమ విద్యార్థుల శక్తికి మించినదను అధ్యాపకులకు, ఫిషర్ 1935లో వెలువరించిన 'ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్' గ్రంథములోని తేనీటి ప్రయోగమే సమాధానము. కప్పులో పాలు ముందు పోసిరో, తేనీరు ముందు పోసిరో రుచి చూచి చెప్పగలనని ఒక స్త్రీ అనెను. ఒక్కొక్క విధమున నాలుగేసి చొప్పున ఎనిమిది కప్పులను సిద్ధపఱచి, యాదృచ్ఛిక క్రమములో ఆమెకిచ్చి, పాలు ముందు పోసిన నాలుగింటిని ఏరుమందురు. ఎనిమిదింటినుండి నాలుగింటిని ఏరుటకు 70 విధములు కలవు; ఆమెకు ఆ శక్తి లేనిచో ఈ డెబ్బదియు సమసంభావ్యములు. నాలుగును సరిగా ఏరు విధము ఒక్కటే. మూడు సరియై ఒకటి తప్పు విధములు పదునాఱు. అన్నియు సరిగా చెప్పినచో, కేవలము అదృష్టవశమున అట్లు జరుగుటకు అవకాశము డెబ్బదింట ఒకటి, నూటికి ఒకటిన్నర కూడ లేదు. మూడే సరిగా చెప్పినచో, అట్టి ఫలితము గాని అంతకు మించినది గాని వచ్చుటకు అవకాశము 70లో 17, నూటికి ఇరువదినాలుగు. దానినిబట్టి ఆమె మాట నమ్మనక్కఱలేదు. ఇందులో కలనగణితము లేదు, గ్రీకు అక్షరము లేదు, పట్టిక లేదు. శూన్య పరికల్పన, యాదృచ్ఛికీకరణము, పి-విలువ, సార్థకత యన్నియు కలవు. పి-విలువ యనగా ఆమెకు శక్తి లేకుండుటకు గల సంభావ్యత కాదనియు, శక్తి లేదనుకొన్నపుడు ఇట్టి ఫలితము వచ్చుటకు గల సంభావ్యత యనియు, ఆ డెబ్బది విధములను స్వహస్తముతో వ్రాసిన విద్యార్థి మఱచుట అరుదు.

నాలుగు మెట్ల విద్య ఎచ్చట కూలునో కూడ చూపవలెను. నాణెమును నూఱుమార్లు ఎగురవేయగా అఱువదిమార్లు బొమ్మ పడినదనుకొందము. సూత్రములో ప్రతిక్షేపించిన విద్యార్థికి 2 వచ్చును. టేబుల్ విలువ 1.96 గనుక, నాణెము నిష్పాక్షికమైనదను పరికల్పనను వాడు తిరస్కరించును. ప్రక్కనున్నవాడు ద్విపద విభాజనముతో కచ్చితముగా లెక్కింపగా పి-విలువ 0.057 వచ్చును, అది 0.05ను మించినది గనుక వాడు తిరస్కరింపడు. దత్తాంశమొక్కటే, ఇద్దఱిలో నెవ్వడును లెక్క తప్పలేదు. సంభావ్యత నెఱిగినవాడు మొదటి లెక్క ఉజ్జాయింపనియు, 0.05 అను గీత మనము గీచుకొన్నదే గాని ప్రకృతి గీచినది కాదనియు, ఈ ఫలితము సందేహమును రేపుటకు చాలును గాని నిశ్చయమునకు చాలదనియు గ్రహించి, నాణెమును ఇంకను ఎగురవేయవలెనని చెప్పును. నాలుగు మెట్లు మాత్రమే యెఱిగినవానికి, గైడులో ఏ జవాబు అచ్చయినదో చూచుకొనుట తప్ప గత్యంతరము లేదు.

పాఠ్యగ్రంథములు విద్యార్థికి చెప్పక దాటవేయు సంగతి యింకొకటి కలదు. ఫిషర్ బోధించిన సార్థకతా పరీక్ష వేఱు; రెండు పరికల్పనల నడుమ నిర్ణయము చేయునపుడు ఏ దోషము ఎంత తఱచుగా జరుగనిత్తుమో ముందే నిశ్చయించుకొనుటకై జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్‌లు 1933లో ప్రతిపాదించిన పద్ధతి వేఱు. ఫిషర్ మరణించువఱకు ఆ వివాదము చల్లాఱలేదు. ఆ రెంటిని ఒక్కటిగా కలిపి, ఎవరి మాట ఎచ్చట ముగిసి ఎవరిది మొదలగుచున్నదో చెప్పక అప్పగించి, అర్థము కాలేదన్నవానిని మందబుద్ధి యనుట అన్యాయము. విశ్వాస అంతరము విషయమును ఇట్టిదే: నూటికి తొంబదియైదు అనునది అంతరములను నిర్మించు పద్ధతికి చెందినదే గాని, విద్యార్థి కట్టిన ఆ యొక్క అంతరమునకు చెందినది కాదు. పి-విలువ పరికల్పన సత్యమగుటకు గల సంభావ్యతను కొలువదని 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రత్యేకముగా ప్రకటన చేయవలసి వచ్చినది. పరిశోధనావృత్తిలో నున్నవారికే అట్టి హెచ్చరిక అవసరమైనదన్నచో, అర్థము తరువాత దానంతట అదే బోధపడునను వాదము ఇంకెట్లు నిలుచును?

ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి కలకత్తా చేరిన సి. ఆర్. రావు అచ్చట అంచనా సిద్ధాంతమును బోధించుచు, పెద్ద ప్రతిరూపములకు వర్తించు ఫిషర్ ఫలితము నొకదానిని చెప్పగా, దండేకర్ అను విద్యార్థి, పరిమిత ప్రతిరూపములకు అట్టి ఫలితమును ఏల సాధింపరాదని అడిగెను. ఆ ప్రశ్నకు వెదకిన సమాధానమే 1945లో అచ్చయి, క్రామర్-రావు అసమీకరణముగా లోకమంతట ప్రసిద్ధి గాంచినది. ప్రతి తరగతిలోను అట్టి ఫలము కలుగునని నేననను. సూత్రము ఎచ్చటినుండి వచ్చినదో చెప్పని తరగతిలో ఆ ప్రశ్న పుట్టుటకే తావులేదనుచున్నాను.

లెక్కలన్నియు కంప్యూటరే చేయుచున్నది గనుక అర్థముతో పనిలేదనువారు తలక్రిందులుగా వాదించుచున్నారు. లెక్క కట్టు శ్రమ తీఱిన పిమ్మట విద్యార్థికి మిగులునది అర్థము చేసికొను పని యొక్కటే. అదే యంత్రముచే పదివేలమార్లు చీటీలు తీయింపవచ్చును గూడ.

కాలము చాలదను ఆక్షేపణ మిగిలినది. కాలమును హరించుచున్నవి ప్రశ్నపత్రములు. దత్తాంశమిచ్చి 'పరీక్షింపుము' అని అడుగునంతకాలము, ఏ అధ్యాపకుడైనను ఆ నాలుగు మెట్లనే వల్లె వేయించును. అతనిని తప్పుపట్టి ప్రయోజనము లేదు. దానికి మాఱుగా, లెక్క కట్టిన ఫలితమునే విద్యార్థి చేతికిచ్చి, దీనినుండి ఏమి చెప్పవచ్చును, ఏమి చెప్పరాదు, ప్రతిరూపమును ఎట్లు తీసిరో తెలియనిచో దీనికి విలువ యుండునా యని పది మార్కులకు అడుగవచ్చును. పాఠ్యప్రణాళికా సంఘములలోని పెద్దలను నేను కోరునది ఇంతే: రాబోవు సెమిస్టరు పత్రములో అట్టి ప్రశ్న నొక్కదానినైనను, ఐచ్ఛికముగా గాక తప్పనిసరిగా వ్రాయవలసినదిగా ఉంచుడు.